ఆరుబయట వంటగది: గ్రిల్ కంటే ముందు తేల్చుకోవాల్సినవి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఇంటి వెనక 15 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఖాళీ జాగా ఉంది. అక్కడ గట్టులో బిగించే గ్యాస్ గ్రిల్, విడిగా ఒక పొయ్యి, సింక్, చిన్న ఫ్రిజ్ పెట్టి, ఆరుగురు కూర్చుని తినేలా బయటి వంటగది కట్టించాలనుకుంటున్నారు. వచ్చే వారం ఇటుక పని మొదలుపెడతానని మేస్త్రీ తొందరపెడుతున్నాడు. ఏ గ్రిల్ కొనాలి, పైన కప్పు వేయాలా, గట్టు మీద ఏ రాయి బాగుంటుంది అన్నవి మీ ప్రశ్నలు.

ముందు మేస్త్రీని ఆపండి. గట్టులో బిగించే గ్రిల్ ఏదైనా సరే, దానితో వచ్చే పుస్తకంలో ఎంత వెడల్పు, ఎంత లోతు, ఎంత ఎత్తు ఖాళీ వదలాలో మిల్లీమీటర్లలో రాసి ఉంటుంది. మండే వస్తువులు ఎంత దూరంలో ఉండాలో, గాలి కన్నాలు ఎక్కడ పెట్టాలో కూడా అందులోనే ఉంటుంది. ఒకే సైజు అని అమ్మే రెండు కంపెనీల గ్రిల్స్‌కి కూడా ఈ కొలతలు కలవవు. గట్టు కట్టేశాక గ్రిల్ కొంటే, పరిచిన రాయిని మళ్లీ కోయించడమో, మిగిలిన సందుల్ని సిమెంటుతో పూడ్చడమో తప్పదు. గ్రిల్ ఇంటికి రాకపోయినా ఫర్వాలేదు, మోడల్ ఖాయమై ఆ కొలతల కాగితం మేస్త్రీ చేతిలో ఉండాలి.

చాలా ఏళ్లుగా ఇలాంటివి గీయడం, దగ్గరుండి కట్టించడం నా పని. ఇన్నాళ్లుగా చూస్తున్నది ఒకటే: అందరూ గ్రిల్ గురించి నెలల తరబడి ఆలోచిస్తారు, డ్రైనేజీ పైపు గురించి ఐదు నిమిషాలు కూడా ఆలోచించరు. గ్రిల్ నచ్చకపోతే మార్చుకోవచ్చు, ఫ్రిజ్ పాడైతే ఇంకోటి కొనుక్కోవచ్చు. గచ్చు కింద పోయే నీళ్ల పైపు, మురుగు పైపు, గ్యాస్ పైపు, కరెంటు కేబుల్, ఆ గచ్చు వాలు మాత్రం ఒకసారి పూడ్చాక ముట్టుకోలేం. కాబట్టి డబ్బు చాలకపోతే గ్రిల్ చిన్నది కొనండి, నేల కింద పని మాత్రం తగ్గించకండి.

ఇక జాగా సంగతి. 15 x 12 అనగానే పెద్దదే అనిపిస్తుంది, కొలిచి చూస్తే అంత కాదు. 15 అడుగుల గోడ వెంట గట్టు పెట్టారనుకుందాం. దాని లోతు రెండున్నర అడుగులు. వేడి గిన్నె పట్టుకుని నడిచే మనిషి వెనక ఇంకొకరు వెళ్లాలంటే నాలుగు అడుగుల దారి కావాలి. అక్కడికే ఆరున్నర అయిపోయింది, మిగిలింది ఐదున్నర. మూడు అడుగుల బల్లకి రెండు వైపులా కుర్చీలు వేసి, వాటిని వెనక్కి లాగి లేవాలంటే సుమారు ఎనిమిది అడుగులు పడుతుంది. అంటే కుర్చీలు మీ నడిచే దారిలోకి వచ్చేస్తాయి. మీ చోటుకి నేనైతే అవతలి అంచు వెంట కట్టిన బెంచీ, రెండున్నర అడుగుల బల్ల, ఇటువైపు మాత్రం బల్ల కిందికి తోసేసే స్టూళ్లు పెడతాను. గట్టుకే ఆనుకుని బార్ లాగా స్టూళ్లు వేయాలన్న ఆలోచన ఉంటే మానేయండి. చిటపటలాడే నూనెకి ఎదురుగా, పొగలో ఎవరూ ఎక్కువసేపు కూర్చోరు.

గట్టు పొడవులో కూడా లెక్క చూడండి. ఒక చివర ఫ్రిజ్ రెండు అడుగులు, సింక్ రెండు, కోసుకోవడానికి ఖాళీ గట్టు మూడు, పొయ్యి రెండు, దానికీ గ్రిల్‌కీ మధ్య ఒకటి, గ్రిల్ మూడు, చివర పళ్లెం దించుకోవడానికి రెండు. మొత్తం 15 అయిపోయాయి. ఒక్క అంగుళం మిగల్లేదు, ఇంకా పక్క గోడల మందం లెక్కలోకి రాలేదు. కొత్తవాళ్లు ఎక్కువగా త్యాగం చేసేది ఆ మూడు అడుగుల ఖాళీ గట్టునే. ఆ పని మాత్రం చేయకండి. గ్రిల్‌కి ఒక పక్క కనీసం రెండు అడుగులు, ఇంకో పక్క ఒక అడుగు చదునుగా, ఏమీ లేకుండా ఉండాలి. పచ్చి మాంసం ఉన్న పళ్లెం ఒకవైపు, వండినది ఇంకోవైపు పెట్టుకోవడానికి ఇదొక్కటే మార్గం. రెండూ ఒకే పళ్లెంలోకి వచ్చాయంటే తర్వాత కడుపులు పాడవుతాయి.

నన్నడిగితే ఆ పొయ్యి గట్టు ఎత్తులో వద్దు. బయట పొయ్యి పెట్టేది ఎక్కువగా పెద్ద గిన్నెలకి. 36 అంగుళాల గట్టు మీద పొయ్యి, దాని మీద అడుగున్నర ఎత్తు గిన్నె పెడితే గిన్నె అంచు దాదాపు ఛాతీ దగ్గరికి వస్తుంది. లోపల గరిటె తిప్పాలంటే మోచేయి భుజం కంటే పైకి లేవాలి, ఆవిరి నేరుగా ముఖానికి కొడుతుంది. అలాంటి బర్నర్‌ని 18 నుంచి 24 అంగుళాల ఎత్తులో, గట్టు చివర విడిగా పెట్టించండి. గిన్నె దించడం కూడా తేలిక. కోసుకునే గట్టు ఎత్తు మామూలుగా 34–36 అంగుళాలు అంటారు కానీ, ఎక్కువగా వండే మనిషి మోచేయి మడిచి నిలబడితే ఆ మోచేతికి నాలుగైదు అంగుళాలు కిందికి ఉంటే నడుం నొప్పి రాదు.

ఇవన్నీ కాగితం మీద కాకుండా నేల మీద సుద్దముక్కతో గీయండి. గట్టు వచ్చే చోట అట్టపెట్టెలు పేర్చండి. ఒక సాయంత్రం లోపలి వంటగది నుంచి ఉప్పు, నూనె, కత్తులు, పళ్లేలు అన్నీ మోసుకొచ్చి, అద్దెకి తెచ్చిన పొయ్యి మీదైనా సరే ఒక పూట నిజంగా వండి చూడండి. దేనికోసం ఎన్నిసార్లు లోపలికి పరిగెత్తారో అప్పుడు తెలుస్తుంది. సింక్ నిజంగా కావాలా, అక్కర్లేదా అన్నది కూడా అక్కడే తేలుతుంది. ఇంటి తలుపుకి పది అడుగుల లోపే ఉంటే కొంతమందికి సింక్ అవసరమే పడదు, చేతులు కడుక్కునే కుళాయి చాలు.

అదే సమయంలో గాలి కూడా గమనించండి. ఒక కర్రకి సన్నటి రిబ్బను కట్టి అక్కడ పాతి, మీరు వండే వేళకి అది ఎటు ఊగుతోందో కొన్నాళ్లు చూడండి. పొగ మీ కిటికీల్లోకి, పక్కింటి వాళ్ల కిటికీల్లోకి, తినేవాళ్ల మీదికి పోకూడదన్నది అందరికీ తెలిసిందే. గ్యాస్ గ్రిల్‌తో ఇంకో సంగతి ఉంది, చాలామందికి తెలియదు. మూత వెనక వైపు ఒక సన్నటి సందు ఉంటుంది, లోపలి వేడిగాలి దాంట్లోంచే బయటికి పోవాలి. గాలి వెనకనుంచి బలంగా కొడితే ఆ వేడి బయటికి పోలేక ముందుకి, నాబ్‌ల వైపు తన్నుకొస్తుంది. నాబ్‌లు కరగడం, వాటి వెనక ఇగ్నిషన్ వైర్లు మాడిపోవడం, పట్టుకోబోతే చేయి కాలడం అన్నీ దీనివల్లే. గ్రిల్ వీపు గాలికి ఎదురుగా ఉండకుండా చూసుకోండి. కుదరకపోతే వెనక ఒక అడ్డుగోడ కావాలి, అది కూడా గ్రిల్ పుస్తకంలో చెప్పినంత దూరంలో. గాలి ఎక్కువని మూడు వైపులా మూసేసి నాలుగో వైపు పరదా వేస్తే అది ఆరుబయలు కాదు, గాలాడని గది. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి రంగు, వాసన ఉండవు. మూసిన చోట బొగ్గులు వెలిగించడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

కప్పు వేయాలా అన్న ప్రశ్నకి నా జవాబు: సగం వేయండి. సింక్, ఫ్రిజ్, కోసుకునే గట్టు, బల్ల కప్పు కింద ఉండాలి. గ్రిల్ కప్పు అంచు దాటి, బయటికి ఉండాలి. వానలో గ్రిల్ వాడలేమని బాధ వద్దు, దాని పని ఎప్పుడో ఒకసారి. గ్రిల్ కూడా కప్పు కిందే కావాలంటే మాత్రం ఖర్చు పెరుగుతుంది. ఇంట్లో వాడే చిమ్నీ అక్కడ చాలదు. బయట గాలి పొగని పక్కకి లాగేస్తుంది కాబట్టి, గ్రిల్ కంటే రెండు వైపులా వెడల్పుగా ఉండి, 1,200 సీఎఫ్‌ఎం (నిమిషానికి అన్ని ఘనపుటడుగుల గాలి) లేదా అంతకంటే ఎక్కువ లాగే హుడ్ కావాలి. ఏ కప్పైనా ఒకవైపు వాలుగా వేయించి, ఎత్తైన అంచు పొయ్యిల వైపు పెట్టించండి. పొగ వేడికి పైకి లేచి, ఆ వాలు వెంట జరుగుతూ తనంతట తానే బయటికి పోతుంది. వాన నీళ్లు అవతలి వైపు పడతాయి. నీడ కోసం కట్టే గుడ్డ, ప్లాస్టిక్ షీటు, ఎండిన ఆకుల కప్పు ఇవేవీ మంట పైన ఉండకూడదు.

గ్యాస్ గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే బయటి వంటగదుల్లో పెద్ద ప్రమాదాలు ఇక్కడే జరుగుతాయి. సిలిండర్లో వచ్చే ఎల్పీజీ గాలి కంటే బరువు. అందులో ఉండే ప్రొపేన్ గాలికి ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు బరువు ఉంటుంది. లీకైతే పైకి పోదు, కిందికి దిగి గట్టు లోపల, గుంటల్లో, మురుగు కాలవల్లో పేరుకుంటుంది. బయటే కదా, గాలికి పోతుందిలే అనుకుంటారు. గట్టు లోపల గాలి ఎక్కడిది? అది తలుపులు వేసిన పెట్టె. అందుకే ఎల్పీజీ అయితే గట్టుకి నేల మట్టానికి దగ్గరగా, ఎదురెదురుగా కనీసం రెండు వైపుల గాలి కన్నాలు వదలాలి. ఒక పక్క నుంచి వచ్చిన గాలి ఇంకో పక్కకి పోవాలి. పైపులో వచ్చే సహజ వాయువు దీనికి పూర్తిగా వ్యతిరేకం. అందులో ఎక్కువ భాగం మీథేన్, గాలి కంటే తేలిక, కాబట్టి కన్నాలు పైన కావాలి. ఏది వాడతారో మేస్త్రీకి ముందే చెప్పాలి. ఇటుక కట్టాక కన్నం కొట్టడం కష్టం, అందం కోసం ఆ కన్నాల్ని మూసేయడం మరీ ప్రమాదం. ఎలుకలు దూరకుండా స్టీలు జాలీ బిగించుకుంటే సరిపోతుంది.

సిలిండర్ ఎప్పుడూ నిలువుగానే ఉండాలి. పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే రెగ్యులేటర్లోకి పోతుంది. నేల మట్టం కంటే కింద, గుంటలో పెట్టకూడదు. గ్రిల్ కింద అదే అరలో కాకుండా మధ్యలో అడ్డుగోడ కట్టి పక్క అరలో పెట్టండి. రబ్బరు గొట్టం వేడి తగిలే చోటి నుంచి పోకూడదు, దాని మీద ముద్రించిన తేదీ దాటాక బాగానే కనిపిస్తున్నా మార్చేయాలి. ఇంటి నుంచి పైపు లాగితే బయట చేతికందే చోట ఒక వాల్వ్, లోపల ఒక వాల్వ్ ఉండాలి. పైపు ఎంత లావు ఉండాలన్నది పొడవుని బట్టి, మొత్తం బర్నర్ల శక్తిని బట్టి లైసెన్స్ ఉన్న గ్యాస్ ఫిట్టర్ లెక్కగట్టాలి. సన్నపైపు వేస్తే అన్ని బర్నర్లూ ఒకేసారి వెలిగించినప్పుడు మంటలు చిన్నబోతాయి.

ఎల్పీజీ గ్రిల్‌ని సహజ వాయువు పైపుకి, సహజ వాయువు గ్రిల్‌ని ఎల్పీజీకి నేరుగా కలపకూడదు. రెండింటి పీడనం వేరు, బర్నర్ జెట్ కన్నం సైజు వేరు. సహజ వాయువు కోసం చేసిన పెద్ద కన్నంలోంచి ఎల్పీజీ వదిలితే మంట అదుపు తప్పుతుంది. మార్చే కిట్ కంపెనీ ఇస్తుందో లేదో కొనేముందే అడగండి.

గ్రిల్ అమ్మేవాళ్లు మీకు బీటీయూ లెక్కలు చెబుతారు. బీటీయూ అంటే వేడికి ఒక కొలత. గంటకి 3,412 బీటీయూలు అంటే ఒక కిలోవాట్, అంతే. కిలో ఎల్పీజీలో సుమారు 13 కిలోవాట్-గంటల వేడి ఉంటుంది. అంటే 13 కిలోవాట్ల గ్రిల్‌ని పూర్తిగా తెరిచి వాడితే గంటకి దాదాపు కిలో గ్యాస్ మండుతుంది. పెద్ద అంకె అంటే ఎక్కువ ఖర్చు అని మాత్రమే ఖాయం, బాగా వండుతుందని కాదు. మూత బరువుగా, మందంగా ఉందా, సందుల్లేకుండా మూసుకుంటోందా, మంట ఆరిపోతే దానంతటదే గ్యాస్ ఆపేసే సేఫ్టీ వాల్వ్ ఉందా, ఐదేళ్ల తర్వాత బర్నర్ విడిగా దొరుకుతుందా, ఇవి చూడండి. ఆ సేఫ్టీ వాల్వ్ లేనిది బయట పెట్టొద్దు. గాలికి మంట ఆరిపోయి గ్యాస్ అలాగే వస్తుంటే మీకు తెలియను కూడా తెలియదు. చిన్న సిలిండర్‌కి పెద్ద బర్నర్లు కలిపితే ఇంకో ఇబ్బంది: గ్యాస్ వేగంగా ఆవిరవుతుంటే సిలిండర్ చల్లబడి, ఒంటికి చెమట పట్టి, మంట సన్నగిల్లుతుంది. అప్పుడు సిలిండర్‌ని వేడి చేయబోకండి. పెద్ద సిలిండర్ వాడటమే దానికి మందు. చలి ఎక్కువగా ఉండే చోట బ్యూటేన్ అసలు పనికిరాదు. అది సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది, ప్రొపేన్ -42 డిగ్రీల దాకా పని చేస్తుంది.

ఒక చిన్న విషయం చెప్పి గ్యాస్ సంగతి ముగిస్తాను. కొన్ని వారాలు వాడకుండా వదిలేసిన గ్రిల్ వెలిగిస్తే మంట నీలంగా కాక పసుపుగా, మసితో వస్తే, గ్యాస్ బాగాలేదని ఏజెన్సీకి ఫోన్ చేయకండి. బర్నర్ గొట్టంలో సాలీడు గూడు కట్టి ఉంటుంది. గాలి కలిసే ఆ సన్న గొట్టం వాటికి బాగా ఇష్టం. దారి మూసుకుపోతే గ్యాస్ వెనక్కి తిరిగి నాబ్‌ల దగ్గర అంటుకునే ప్రమాదం కూడా ఉంది. బర్నర్ విప్పి, గొట్టంలో సన్నటి బ్రష్ తిప్పితే గుప్పెడంత బూజు బయటికొస్తుంది. చాలాకాలం వాడకుండా ఉన్న ప్రతిసారీ ఇది చేయాల్సిందే.

గట్టు విషయానికొస్తే, మీ మేస్త్రీ చెప్పిన ఇటుక లేదా సిమెంటు బ్లాకు మంచిదే. లోపలి అరలకి ప్లైవుడ్, ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు వద్దు. ఎంత వాటర్‌ప్రూఫ్ అన్నా కొన్ని వానలకే ఉబ్బుతాయి. గట్టు లోపలి నేలని బయటి గచ్చు కంటే నాలుగు అంగుళాలు ఎత్తు చేయించండి, కడిగిన నీళ్లు లోపలికి పోవు. ఇంటి గోడకి గట్టుని కలిపి కట్టించొద్దు, మధ్యలో సన్నటి జాయింట్ వదలాలి. ఇంటి పునాది ఎప్పుడో కుదురుకుని ఉంటుంది, కొత్త గట్టు కింద మట్టి ఇంకా దిగుతుంది. కలిపి కడితే పగులు మొదట వచ్చేది అక్కడే. మీది పూడ్చిన నేల అయితే మట్టి బాగా దట్టించి, ఇనుము వేసిన కాంక్రీట్ బెడ్ మీదే కట్టాలి. ఇదే మేడ మీద అయ్యుంటే ఇంజనీరుని అడగకుండా ఏమీ చేయొద్దనేవాణ్ని. ఇటుక కట్టడం ఘనపు మీటరుకి రెండు టన్నులకి దగ్గరగా ఉంటుంది. 20 మిల్లీమీటర్ల గ్రానైట్ చదరపు అడుగుకి ఐదు కిలోలు.

రాయి ఏదంటే గ్రానైట్, రెండో మాట లేదు. నలుపు మాత్రం వద్దు. మధ్యాహ్నం ఎండకి చేయి పెట్టలేనంత కాలుతుంది, లేత రంగు తీసుకోండి. క్వార్ట్జ్ పలకల్లో రాతిపొడిని పట్టి ఉంచేది రెజిన్. ఎండకి అది పసుపెక్కుతుంది, వేడి గిన్నెకి మచ్చ పడుతుంది. చాలా కంపెనీలు బయట వాడితే వారంటీ కూడా ఇవ్వవు. పాలరాయి మీద నిమ్మరసం పడితే మెరుపు పోయి మచ్చగా మిగులుతుంది. పోర్సెలిన్ పెద్ద పలకలు బాగుంటాయి, కానీ వాటిని కోయడం చేతనైన మనిషి దొరకాలి. గ్రానైట్‌లో గ్రిల్ కోసం చేసే కోత లోపలి మూలలు పదునుగా 90 డిగ్రీల్లో ఉంటే వెంట్రుకవాసి పగులు ఆ మూలనుంచే మొదలవుతుంది. మూలల్ని గుండ్రంగా కోయమనండి. గ్రిల్ వెనక మిగిలే సన్నటి రాతి పట్టీ కింద స్టీలు యాంగిల్ ఆధారం పెట్టించండి. గ్రిల్‌కీ రాయికీ మధ్య పుస్తకంలో చెప్పిన కొద్ది మిల్లీమీటర్ల సందు అలాగే ఉంచాలి. వేడికి స్టీలు సాగుతుంది, బిగుతుగా ఉంటే రాయిని తోస్తుంది. గట్టు ముందు అంచు కింద వైపు చిన్న గాడి తీయిస్తే వాన నీళ్లు అక్కడే తెగి కింద పడతాయి. లేకపోతే రాయి కింది నుంచి పాకుతూ లోపలి సామాను మీదికి పోతాయి.

స్టీలు తలుపులు, డ్రాయర్లు కొనేటప్పుడు అందరూ అయస్కాంతం పెట్టి చూస్తారు. అంటుకుంటే నాసిరకం, లేకపోతే 304 అనే మంచి గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు అని నమ్మకం. సగమే నిజం. 430 గ్రేడుకి అయస్కాంతం అంటుకుంటుంది, అది బయట తుప్పు పడుతుంది. 201 గ్రేడుకి కూడా 304 లాగే అంటుకోదు, కానీ అందులో నికెల్ తగ్గించి మాంగనీస్ కలుపుతారు, కొన్నాళ్లకే మచ్చలొస్తాయి. బిల్లు మీద గ్రేడు రాయించుకోవడమే నయం. 304లో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. సముద్రానికి దగ్గరగా ఉన్నా, పక్కనే క్లోరిన్ వేసే ఈతకొలను ఉన్నా మాలిబ్డినం కలిసిన 316 తీసుకోండి. ఏ స్టీలునైనా ఇనుప పీచుతో తోమితే ఆ ఇనుము రేణువులు మిగిలిపోయి అవే తుప్పు పడతాయి. బ్లీచింగ్, యాసిడ్ తగలనివ్వకండి.

నీళ్ల పనిలో నాలుగు మాటలు. సింక్ నీళ్లు వాన నీటి కాలవలోకి కాకుండా మురుగు లైనులోకే పోవాలి, అందులో జిడ్డు ఉంటుంది. ట్రాప్, అంటే సింక్ కింద కాసిని నీళ్లు నిలిచి వాసన పైకి రానివ్వని వంపు పైపు, తప్పనిసరి. చాలా రోజులు వాడకపోతే ట్రాప్‌లో నీళ్లు ఎండిపోయి వాసన, పురుగులు వస్తాయి, అప్పుడప్పుడు ఒక చెంబు నీళ్లు పోస్తుండండి. మామూలు పీవీసీ పైపు ఎండకి పెళుసుబారుతుంది, పైకి కనిపించే ముక్కకి రంగు వేయండి. నీళ్లు గడ్డకట్టే చలి ఉంటే లైను మొత్తం ఖాళీ చేసే వాల్వ్ అట్టడుగున పెట్టించాలి.

కరెంటుకి ఇంట్లోంచి ఎక్స్‌టెన్షన్ లాగడం కాదు, మెయిన్ బోర్డు నుంచి విడిగా ఒక సర్క్యూట్, దానికి 30 మిల్లీఆంపుల దగ్గర ట్రిప్ అయ్యే ఆర్‌సీడీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్), సరైన ఎర్తింగ్ కావాలి. తడి చేతులు, తడి నేల ఉన్న చోట ప్రాణం కాపాడేది అదే. భూమిలో పోయేది ఆర్మర్డ్ కేబుల్, అంటే లోహపు తొడుగు ఉన్నది, కావాలి. సాకెట్లకి మూత ఉండాలి, వాన తగిలే చోట దుమ్ము, నీటి చిమ్ముడు లోపలికి పోనివ్వని ఐపీ65 రేటింగైనా ఉన్నవి తీసుకోండి. సింక్ పైన, బర్నర్ వెనక సాకెట్లు పెట్టొద్దు. గచ్చు పోసే ముందు ఒక ఖాళీ పైపుని అదనంగా వేసి, అందులో నైలాన్ తాడు వదిలి రెండు చివరలూ మూసి ఉంచండి. ఎప్పుడో ఇంకో లైటో, ఫ్యానో కావాల్సొస్తే గచ్చు తవ్వకుండా పని అయిపోతుంది. లైటు మీ వెనక కాకుండా గట్టుకి పైన, కాస్త ముందుకి ఉండాలి. వెనక ఉంటే మీ నీడే గ్రిల్ మీద పడి మాంసం ఉడికిందో లేదో కనపడదు. తెల్లటి లైటు కంటే పసుపు లైటుకి పురుగులు తక్కువగా వస్తాయి.

ఫ్రిజ్ విషయంలో పొదుపు చేయబోయి ఇంట్లోని పాతది బయట పెట్టేవాళ్లు చాలామంది. ఇంటి ఫ్రిజ్ వెనక స్టిక్కర్ మీద ఎన్, ఎస్‌టీ, టీ అని ఇంగ్లీషు అక్షరాలుంటాయి. ఎన్ అంటే 32 డిగ్రీల దాకా, ఎస్‌టీ 38, టీ అయితే 43 డిగ్రీల దాకా చుట్టుపక్కల వేడిని తట్టుకునేలా చేశారని. అది నీడలో, తడి తగలకుండా, ఇంట్లో ఉన్నప్పటి లెక్క. గట్టు కింద దూర్చే ఫ్రిజ్ బయట వాడకానికి తయారు చేసినదై ఉండాలి, వేడిగాలి ముందు నుంచి వదిలేదై ఉండాలి. వెనకనుంచి వదిలేది గట్టులో పెడితే ఊపిరాడక ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. పైగా దాన్ని గ్రిల్‌కి దూరంగా, గట్టు అవతలి చివర పెట్టండి. తినేవి 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఉంటే సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. త్వరగా పాడయ్యేవి గట్టు మీద రెండు గంటలు మించి ఉంచొద్దు, ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే. మీరు నెలకి ఒకటి రెండు సార్లే వండేలా ఉంటే ఫ్రిజ్ బదులు మంచి ఐస్ బాక్స్ చాలని నా అభిప్రాయం. ఆ రెండు అడుగులు కూడా మిగులుతాయి.

తర్వాత ఎప్పుడైనా కట్టెల ఓవెన్ కావాలనుకుంటే ఇప్పుడే ఒక మూల బరువు మోసే కాంక్రీట్ బెడ్ వేసి వదిలేయండి, మిగతాది అప్పుడు చూసుకోవచ్చు. బొగ్గు, కట్టె ఏది వాడినా బూడిద కోసం మూత ఉన్న ఇనుప డబ్బా పెట్టుకోండి. పైకి చల్లారినట్టున్నా లోపల నిప్పు మర్నాటి దాకా బతికి ఉంటుంది. మంటలార్పే సిలిండర్‌ని గ్రిల్ పక్కన కాకుండా, మీరు పారిపోయే దారిలో తగిలించండి. గ్రిల్ అంటుకుంటే దాని పక్కకి చేయి చాపలేరు కదా. నూనె అంటుకుంటే నీళ్లు పోయకండి, గ్యాస్ ఆపి మూత పెట్టండి.

పని వరుస ఇలా పెట్టుకోండి: గ్రిల్, సింక్, ఫ్రిజ్ మోడళ్లు ఖాయం చేసి వాటి కొలతలు తెప్పించుకోవడం, ఊళ్లో కావాల్సిన అనుమతి, ఆపై తవ్వకం, నాలుగు రకాల పైపులు, కాంక్రీట్ బెడ్, గట్టు, రాయి, చివరగా సామాను. పైపులు పూడ్చేముందు పక్కన టేపు పెట్టి ఫోటోలు తీయండి. ఎక్కడ ఏముందో తర్వాత మేకు కొట్టేవాడికి చెప్పాలి.

అప్పగించే రోజున రెండు పరీక్షలు చేయండి. గ్యాస్ తెరిచి, బర్నర్లు ఆపి ఉంచి, ప్రతి జాయింట్‌కీ సబ్బు నురుగు రాయండి. ఒక్క బుడగ ఉబ్బినా గ్యాస్ ఆపేసి ఫిట్టర్ని వెనక్కి పిలవండి. అగ్గిపుల్లతో మాత్రం చూడకండి. తర్వాత గట్టు మీద, గచ్చు మీద రెండు బకెట్ల నీళ్లు గుమ్మరించి పావుగంట ఆగండి. గచ్చు వాలు 10 అడుగులకి అంగుళంన్నర నుంచి రెండు అంగుళాలు, ఇంటికి అవతలి వైపు ఉండాలి. నీళ్లు ఇంటి గోడ దగ్గరే నిలిచాయంటే వాలు తప్పింది. అది సరిచేశాకే మేస్త్రీకి మిగతా డబ్బు ఇవ్వండి.